బొట్టు చెదరని గుడ్డు

ఇసుక కాలిపోయి ఒడ్డున పొదిగే గుడ్లన్నీ ఆడ తాబేళ్లే అవుతున్నాయి. చల్లగా ఉంటేనే మగవి పుడతాయి కనుక అటవీశాఖ వాళ్లు తీరంలో ఇంటికో చల్లని పెట్టె, అందులో ముప్పై గుడ్లు పెట్టి పోతున్నారు. తాబేలు గుడ్డు తిరగబడితే లోపలి పిల్ల చస్తుంది. అందుకే నూకరత్నం ప్రతి గుడ్డుకూ పైన కుంకుమ బొట్టు పెట్టి, కూతురి పురిటికి వెళ్లింది.

పది రోజులకు తిరిగొచ్చి మూత తీస్తే, బొట్లన్నీ తలో దిక్కు చూస్తున్నాయి. ఆమె కోడలిని కేకేసింది.

"ఏటే గైరమ్మా, వీటిని తిప్పీసినావేటి?"

మెట్ట ఊరి నుంచి వచ్చిన కొత్త కోడలు గర్వంగా తలూపింది. "పూటపూటా తిప్పినానత్తా! మా ఇంటికాడ కోడిగుడ్ల పెట్టెలో అలాగే తిప్పుతాం."

మూలనున్న ఒక్క గుడ్డు బొట్టు మాత్రం పైకే ఉంది.

"మరి దీన్ని?"

గైరమ్మ నాలిక కరుచుకుంది. "అది మరిసిపోనాను. కోప్పడకత్తా."

నెల తిరిగేసరికి ఆ ఒక్క గుడ్డే పగిలింది. పిల్లను గైరమ్మ అరచేతిలో తీసుకెళ్లి కెరటాల్లో వదిలింది.

"వచ్చే ఏడూ పెట్టె నీకే," అంది నూకరత్నం. "ముప్పయ్యీ మరిసిపో."