జానెడు ఎడం

ఆ చిన్న బల్లను చూడగానే లొవీనాకు ఒళ్లు మండిపోయింది.

ఆ రోజు అమ్మకు అరవై నిండాయి. ఏళ్ల తర్వాత అక్క వెర్నా ఆ ఇంటికి భోజనానికి వస్తోంది. ఇంటిల్లిపాదీ కొట్టంలో పాలు పితుకుతుండగా తండ్రి ఈనస్ ఒక్కడే లోపల ఉండి బల్లలు సర్దేశాడు. అందరికీ పెద్దది, వెర్నాకు విడిగా చిన్నది. రెంటికీ మధ్య జానెడు ఎడం.

వెర్నా దొంగతనం చేయలేదు. దేవుణ్ణి వదల్లేదు. పాత కట్టుబాట్లు వదలని తమ ఆమిష్ క్రైస్తవ సంఘం విడిచి ఊళ్లోని బాప్టిస్టుల్లో చేరింది, అంతే. అందుకే వెలి. వెలిపడ్డవాళ్లతో ఒకే బల్ల మీద తినకూడదు. ఆ సంగతి వెర్నా ఇంటి గుమ్మంలో నిలబడి చెప్పి వచ్చినవాడు, సంఘపెద్ద అయిన కన్నతండ్రే. లొవీనా అది మర్చిపోలేదు.

“వాళ్లు చదివేది మన బైబిలు కాదా నాన్నా? వాళ్ల క్రీస్తు వేరా?”

“బాప్తిస్మమప్పుడు మోకాళ్ల మీద మాటిచ్చి తప్పింది. బిషప్పు గారు భోజనానికొస్తున్నారు. ఎడం కనబడాలి.”

“కనబడుతుందిలే. అమ్మ ఏడవడం కూడా కనబడుతుంది.”

ఈనస్ బొటనవేలికి చుట్టుకున్న గుడ్డను బిగించుకున్నాడు. గుర్రానికి నాడా కొడుతుంటే దెబ్బ తగిలిందట. తగలాల్సిందే అనుకుంది లొవీనా.

అతను అటు తిరగగానే, ఆ తెల్లవారుజాము మసకచీకట్లోనే చిన్న బల్లను పెద్దదాని కేసి బలంగా నెట్టింది. అంగుళం కూడా కదల్లేదు. పాతకాలపు చెక్క, ఎంత బరువో.

“బల్ల జోలికెళ్లకు,” అన్నాడు ఈనస్. నేల దాకా వేలాడే గుడ్డలు తెచ్చి రెండింటి మీదా తనే పరిచాడు. ఇన్ని హంగులు ఎవరి మెప్పు కోసమో తెలుస్తూనే ఉంది. లొవీనాకు తండ్రి మొహం చూడబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం బిషప్పు వచ్చాడు. ఆ జానెడు ఎడాన్ని చూసి తల పంకించి కూర్చున్నాడు. చిన్న బల్ల దగ్గర వెర్నా ఒక్కతే తల వంచుకుని కూర్చుంది. ఆమెకు అందేంత దగ్గర్లో, పెద్ద బల్ల చివరి కుర్చీలో ఈనస్. కాపలాకి కాబోలు. అమ్మ కోడిమాంసం వడ్డిస్తూ కళ్లొత్తుకుంది.

లొవీనా కోపంగా కంచం పక్కకు నెట్టడంతో చెంచా జారి కింద పడింది. తీసుకుందామని వంగి బల్లగుడ్డ పైకెత్తింది.

లోపల, రెండు బల్లల కాళ్లనూ ఒకటిగా కలిపేస్తూ ఒక కొత్త చెక్క మేకులతో బిగించి ఉంది, చివరి మేకు పక్కన బొటనవేలంత నెత్తుటి మరక ఉంది.