అతుకులేసే రేడియో

సముద్రం మీద గాలి లేచింది. ఉప్పాడ ఒడ్డున నూకరత్నం, వేటకెళ్లిన భర్త పోలయ్యను రేడియోలో పిలుస్తూనే ఉంది. ఇప్పటి రేడియోలు గాలికి తెగిపోయిన మాటలను ఆ మనిషి గొంతుతోనే పూడ్చి వినిపిస్తాయి. అందుకే ఒడ్డున ఎవరికీ కంగారు లేదు.

“క్షేమంగా ఉన్నాను. వస్తున్నాను. ఓవర్,” అంది రేడియోలో పోలయ్య గొంతు.

ఇంత గాలిలో ఒక్క అక్షరం కూడా తడబడలేదు. ఆ మాటలన్నీ రేడియో అల్లినవేనేమోనని నూకరత్నానికి అనుమానం వచ్చింది.

“మావా, మీ అమ్మ పులుసు పిల్లి కూడా ముట్టదు. ఓవర్.”

“సరే, అర్థమైంది. ఓవర్.”

తల్లిని అంటే నడిసముద్రం నుంచైనా తిట్టిపోసే మనిషి! ఆమె పూడ్చే మీట ఆపేసింది. ఒక్కసారిగా హోరు. గొంతు దాటిరాని చోట కూడా మాట్లాడే మీట నొక్కిన చప్పుడు దాటొస్తుందని జాలర్లందరికీ తెలుసు.

“మాటాడకు మావా. ఆపదుంటే రెండుసార్లు నొక్కు.”

చాలాసేపు హోరే. తర్వాత టక్, టక్.

“బావగారూ, మీ తమ్ముడు ఆపదలో ఉన్నాడు, పడవ దించండి!” అని ఒడ్డునున్న పోలయ్య అన్నకు వినపడేలా అరిచి, మళ్లీ రేడియో అందుకుంది. “ఉత్తరమైతే ఒకటి, దక్షిణమైతే రెండు.”

టక్.

బావగారు పడవ దించేసరికే నూకరత్నం అందులో కూర్చుని, ఉత్తరానికి చెయ్యి చాపి ఉంది.