హోర్డింగుకెక్కే నవ్వు

"నవ్వండి," అంది పళ్ల డాక్టరమ్మ.

అతను అరచెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

"చెయ్యి తీసి."

తీశాడు. పై పెదవి కిటికీ తెరలా పైకి లేచిపోయింది. బియ్యపు గింజలంత పళ్లు, వాటి మీద పిట్టగోడ కట్టినట్టు గులాబీరంగు చిగుళ్లు.

"చిన్నప్పట్నుంచీ ఇంతేనా?"

"ఇంతేనండి. బళ్లో చిగుళ్లోడా అని పిలిచేవాళ్లు. మా పెళ్లి ఫోటో చూడాలి మీరు. చేదు మాత్ర మింగి కూర్చున్నట్టుంటాను."

"ఏం పని చేస్తారు?"

"బొమ్మల దుకాణం గుమ్మంలో నిలబడతానండి. వచ్చే పిల్లలకి చెయ్యి ఊపాలి, ఎత్తుకోవాలి, వాళ్లతో ఫోటోలు దిగాలి. నేనంటే ప్రాణం వాళ్లకి."

ఇప్పుడొచ్చిన చిక్కల్లా హోర్డింగుతోనే. దుకాణం పెట్టి పదేళ్లవుతోందని, నాలుగు రోడ్ల కూడలిలో అతని నిలువెత్తు ఫోటో పెట్టించాలని యజమాని తలపెట్టాడు. ఆ మాట చెవిన పడ్డ దగ్గర్నుంచీ అతనికి కంటిమీద కునుకు లేదు.

భయపడుతూనే తన బాధ చెప్పుకుంటే యజమాని వింతగా చూశాడు. "నీ నవ్వు బాగాలేదని ఇన్నేళ్లలో ఒక్కరైనా అన్నారటయ్యా? అంత బెంగగా ఉంటే మీ బావమరిదిని పంపు. నాకు ఎవరైనా ఒకటే."

బావమరిది ఇంట్లో కాలు మీద కాలేసుకుని తయారుగా ఉన్నాడు. "నేను వెళ్లనా బావా? నీ ఎత్తూ నా ఎత్తూ ఒకటేగా. పైగా నా పళ్లు చూడు, ముత్యాలు."

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఇన్నేళ్లూ చెమటలు కక్కుతూ గుమ్మం కాసింది తను. తీరా కూడలికెక్కేది ఆ ముత్యాలా?

భార్య తల కొట్టుకుంది. "స్కూటరు కొందామని దాచింది తీసుకెళ్లి చిగుళ్లకి పోస్తారా? అయినా మీ చిగుళ్లు ఎవరు చూడొచ్చారండీ?"

"నోరు ముడుచుకుంటే నా ఒళ్లు కూడా ముడుచుకుపోతుందే. పిల్లలు ఇట్టే పసిగడతారు," అన్నాడతను.

అలా వచ్చి పడ్డాడు ఈ కుర్చీలో.

డాక్టరమ్మ చిగుళ్లకి మత్తుమందు పూసి, కళ్లకి నల్లద్దాలు పెట్టింది. కత్తీ లేదు, కుట్టూ లేదు. పెన్నులాంటి లేజరు పట్టుకుని, దర్జీ సుద్దముక్కతో గీసినట్టు, చిగుళ్ల అంచు వెంబడి పోయింది. వెంట్రుక కాలిన వాసన వచ్చింది. ఇంకా ఎప్పుడు మొదలెడతారని అతను అడగబోతుంటే అద్దం చేతికిచ్చింది.

పళ్లు నిండుగా, పొడుగ్గా, ఎవరివో అడిగి తెచ్చుకున్నట్టు ఉన్నాయి.

"రెండు రోజులు వేడివీ కారంవీ వద్దు. గట్టిగా నవ్వొద్దు," అంది డాక్టరమ్మ.

ఆ రెండు రోజులూ గుమ్మంలో బావమరిది నిలబడ్డాడు. సాయంత్రం వచ్చి, "నువ్వు రాలేదేమని ఒక్కరూ అడగలేదు బావా," అని కబురు కూడా చెప్పాడు. అతనికి ముద్ద దిగలేదు.

ఫోటో రోజున భార్యా, ఆమె తమ్ముడూ ఇద్దరూ వెంట వచ్చారు. ఒకరు సాయానికి, ఒకరు ఆశతో.

"భుజాలు వదులుగా పెట్టండి. తల కాస్త ఎత్తండి," అన్నాడు ఫోటోగ్రాఫరు. రెండు ఫోటోలు తీసి పెదవి విరిచాడు. "బిగుసుకుపోయారు. ఏదో దిగులుగా ఉన్నట్టుంది. మనసారా నవ్వండి."

బావమరిది ఓ అడుగు ముందుకేశాడు.

అతను కళ్లు మూసుకున్నాడు. అద్దంలో చూసుకున్న పళ్లు గుర్తు తెచ్చుకున్నాడు. తర్వాత, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, పెదవి పట్టి ఉంచకుండా, చెవుల దాకా నవ్వాడు. భుజాలు కదిలాయి. పొట్ట ఊగింది. చేతులు వాటంతట అవే చాచుకున్నాయి.

"అబ్బ, ఇప్పుడొచ్చిందండీ కళ," అంటూ ఫోటోగ్రాఫరు ఆపకుండా తీస్తూనే ఉన్నాడు. "ఇదీ నవ్వంటే."

"ఒప్పుకున్నా బావా," అన్నాడు బావమరిది నీరసంగా. "గెలిచావు."

ఇక చాలని ఫోటోగ్రాఫరు చెప్పగానే అక్కాతమ్ముళ్లు చెరో చెవీ పట్టుకుని, అతని భుజాల మీంచి ఎలుగుబంటి వేషం తలను ఊడలాగారు.