ముందు వరుసలో మామ

పక్క కుర్చీలోని పెద్దాయన తనలో తాను ఒకటే గొణుక్కుంటున్నాడు.

నరేన్‌కు అసలే స్టేజీ అంటే భయం. కోయంబత్తూరులో డేటాబేస్ డెవలపర్ల సదస్సు అది. కాసేపట్లో అతను మాట్లాడాలి. కాలేజీలో ఒకసారి స్టేజీ ఎక్కి, నోరు పెగలక దిగి వచ్చిన మొనగాడు. ఈసారీ అంతే అయితే ఇక జన్మలో మైకు ముట్టనని అక్క దగ్గర ఒట్టు వేసి మరీ వచ్చాడు.

ఆ అక్కే ఫోన్ చేసింది.

"సాప్పాడు అయ్యిందా రా?"

"ఎక్కడ తినేది అక్కా. పక్కన ఒక ముసలోడు గొణిగి గొణిగి నా ప్రాణం తీస్తా ఉండాడు. ఉట్టి సాప్పాటుకు వచ్చినట్టుండాడు."

గొంతు తగ్గించనైనా లేదు. ఎందుకు తగ్గిస్తాడు? చుట్టూ తమిళం. ఇంటి తెలుగులో ఎవరినేమన్నా ఎవరికీ తెలియదని వాళ్లింటిల్లిపాదికీ ధీమా. బస్సుల్లోనూ బట్టల కొట్లలోనూ ఆ ధీమాతోనే నెట్టుకొచ్చారు.

పెద్దాయన గొణుగుడు ఆపేశాడు. కొత్త చొక్కా సర్దుకుని బుద్ధిగా కూర్చున్నాడు.

నరేన్ పేరు పిలిచారు. మొదట బాగానే సాగింది. అందరి ఎదుటా డేటాబేస్‌ను ఒక ప్రశ్న అడిగి, జవాబు ఎంత తొందరగా వస్తుందో చూపించబోయాడు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. జవాబు లేదు.

వెనక ఎవరో నవ్వారు. నిర్వాహకురాలు జోతిమణి టైమ్ అయిందని అట్ట ఎత్తి చూపింది. అయిదింటికి హాలు పెళ్లి రిసెప్షన్ వాళ్లకు అప్పగించాలి.

నరేన్ కాలు మెట్ల వైపు కదిలింది.

"నిదానం తంబీ. నీళ్లు తాగు. మేము యాడికీ పోము."

తెలుగు. ముందు వరుసలోంచి. ఆ పెద్దాయనే.

అంటే ఫోన్‌లో అన్నదంతా విన్నాడన్నమాట. నరేన్‌కు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"టైమ్ అయిపోయింది అయ్యా," అన్నాడు మైకులోనే.

"టైమ్ సంగతి నేను చూసుకుంటా. నువ్వు మళ్లా మొదట్నించీ చెయ్యి."

లేచి వెళ్లి జోతిమణి చెవిలో ఏదో చెప్పాడు. ఆమె అట్ట దించేసింది.

నరేన్ నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి జవాబు కన్ను మూసి తెరిచేలోగా వచ్చింది. ఆ ఊపులో చెప్పాలనుకున్నదంతా చెప్పాడు, అడిగినవాళ్లందరికీ బదులిచ్చాడు. హాలంతా చప్పట్లు.

దిగి వచ్చేసరికి ముందు వరుసలో కుర్చీ ఖాళీ. బయటికి పరుగెత్తాడు. పెద్దాయన ఆటో ఎక్కుతున్నాడు.

"మామా, నేను ఫోన్‌లో అన్న మాట..."

"ముసలోణ్ణి ముసలోడనక ఏమంటావు తంబీ," అని నవ్వాడు. "బాగా మాట్లాడినావు."

"కాఫీ అన్నా తాగి పోండి మామా."

"పోదనూరులో మదురై రైలు పట్టాల. అప్పుఱం, ఇంకోసారి వచ్చినప్పుడు చూస్తాము."

ఆటో కదిలిపోయింది. పేరైనా అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది నరేన్‌కు.

లోపల సదస్సు బ్యానరు విప్పేసి పూలదండలు కడుతున్నారు.

"నా తర్వాత ఇంకొకరు మాట్లాడాలి కదండీ?" అని జోతిమణిని అడిగాడు.

ఆమె తమిళంలో మెల్లగా చెప్పింది.

"మదురై వరదరాజన్ సార్. ఆయనకూ ఇదే మొదటిసారి, పొద్దుటి నుంచి మీ పక్కనే కూర్చుని వల్లె వేసుకుంటూ ఉన్నారు కదా. తన టైమంతా మీకే ఇచ్చేయమన్నారు."