ఎర్రటి వేలిముద్ర

చుక్క చూసినవాళ్ళదా, లెక్క రాసినవాళ్ళదా? ప్రార్థనకు మోకరించినప్పుడల్లా జయకుమారి టీచర్ని పదహారేళ్ళుగా పొడుస్తున్న సందేహం ఇది. ఇవాళ అదే సందేహం ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లల రూపంలో, బడి కంప్యూటరు గదిలో ఆమె ముందు నిలబడింది.

టెలిస్కోపు ఒకే ఆకాశాన్ని ఆగి ఆగి తీసిన నాలుగు ఫొటోలు తెరమీద ఒకదాని వెనుక ఒకటి మారుతున్నాయి. నక్షత్రాలన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ఒక్క మసక చుక్క మాత్రం ఫొటో ఫొటోకీ కాస్త పక్కకి జరుగుతోంది. గ్రహశకలమే. గంటలో రిపోర్టు పంపాలి. అందులో 'మొదట చూసినవారు' అన్నచోట ఒక్క పేరే పడుతుంది. బెన్నీ అప్పటికే తన పేరు టైపు చేసేశాడు.

"కొలతలన్నీ నేనే తీశాను మేడమ్. సఫూరా వేలు పెట్టి చూపించిందంతే," అన్నాడు.

తెరమీద ఆ చుక్క పక్కనే ఎర్రటి వేలిముద్ర ఉంది. సఫూరా పొద్దున్నే తల్లితో కల్లంలో మిరపకాయలు ఏరి, అటునుంచే బడికొస్తుంది.

ఇన్ని చుక్కల్లో అదెలా దొరికిందని జయకుమారి అడిగింది.

"మా అమ్మ నేర్పింది మేడమ్. ఒక్కో కాయా చూస్తూ కూర్చోకూడదంట. కుప్పంతా ఒకేసారి చూస్తే తెల్లబారిన తాలుకాయ అదే కంట్లో పడుద్దంట."

జయకుమారి చెవులు వేడెక్కాయి. సఫూరా పేరు రాయమని బెన్నీకి చెప్పింది.

వాడు కదల్లేదు. గోడమీది ఫ్రేము వైపు చూశాడు. చీరాలలో ఇంటర్ చదివేటప్పుడు గ్రహశకలాన్ని కనిపెట్టినందుకు ఆమెకొచ్చిన సర్టిఫికెట్ అది. ఏటా కొత్త పిల్లలకు దాన్ని చూపించే పాఠం మొదలుపెట్టేది.

"చూడ్డం ఎవరైనా చూస్తారు, లెక్క తీసినవాళ్ళదే పని అని మీరే కదా మేడమ్ చెప్పారు?"

వాడు ఆమె నేర్పిన పాఠమే అప్పజెప్పాడు.

"పోనీండి మేడమ్, వాడి పేరే ఉంచండి," అంది సఫూరా.

జయకుమారి తనే కూర్చుని బెన్నీ పేరు చెరిపి, సఫూరా పేరు కొట్టి, రిపోర్టు పంపేసింది. తర్వాత స్టూలెక్కి ఫ్రేము దించింది. కొంగుతో దుమ్ము తుడిచి, బెన్నీ చూస్తుండగానే సఫూరా చేతుల్లో పెట్టింది.

"ఇది నాకెందుకు మేడమ్?"

"నీకు కాదే, మీ అమ్మకియ్యి. ఆ రోజు చీరాల లాబ్‌లో నా పక్కన కూర్చుని ఆ చుక్కని మొదట చూసింది గుల్జారే."