హనుమక్క చేపలు

రెండో చేప కూడా పొద్దున్నే తొట్టి నీళ్ల మీద వెల్లకిలా తేలింది. యల్లప్ప దాన్ని జల్లి గంటెతో తీసి, కాగితంలో చుట్టి, తల్లి చూడకుండా వాకిట్లోకి తెచ్చాడు.

"ఆ గంటె మళ్లా నా వంటింట్లోకి తేవద్దు," అంది భార్య గౌరి. "ఇంగెన్ని ఉండాయి?"

"నాలుగు."

"అత్త లెక్కబెడితే?"

"ఆమెకు అంత చూపు యాడిది?"

గౌరి నవ్వలేదు. అవి చస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

జ్వరం తగ్గినాక యల్లప్ప తల్లి హనుమక్క అన్నం మానేసింది. నోటికి సయించదంటుంది. కాఫీ, మజ్జిగ తప్ప ఏదీ లోపలికి పోలేదు. ధర్మవరంలో డాక్టరు తూకం చూశాడు. ఇంకో రెండు కిలోలు తగ్గితే ఆస్పత్రిలో చేర్చి, ముక్కులో గొట్టం వేసి పాలు పోయాలన్నాడు. ఆ మాట ఆమె ఎదురుగానే అన్నాడు.

ఆ వారమే యల్లప్ప పట్టునూలు పనిమీద హిందూపురం పోయాడు. అక్కడ రంగుచేపలు అమ్మే సాల్మన్ అంగట్లో రెండడుగుల గాజుతొట్టి, ఆరు గోల్డ్ ఫిష్‌లు కొన్నాడు. తెచ్చి తల్లి మంచం పక్కన పెట్టాడు. గోడ చూస్తూ పడుకునే మనిషికి ఏదో ఒకటి కదలాడుతుంటే మంచిదనుకున్నాడు, అంతే.

ఆ పూటే కంచం ఖాళీ అయింది.

అప్పటినుంచి రెండు పూటలా గౌరి పప్పు వేసి మెత్తగా పిసికిన రాగి సంగటి, కోడిగుడ్డంత ముద్ద, కంచంలో వేసి మంచం మీద పెట్టి తలుపు దగ్గరికి వేసి వస్తుంది. తినే మనిషిని చూస్తే దిష్టి. ఆ ఇంట్లో అది పాత పట్టింపు. వాళ్ల మగ్గాల మీద నేసే కూలీలు కూడా గోడవైపు తిరిగే తినేవాళ్లు. అరగంటకు తలుపు తీస్తే కంచం కడిగినట్లు ఉంటుంది.

యల్లప్ప సాల్మన్‌కు ఫోన్ చేశాడు. అతను బస్సులో ఒక చిన్న మందు సీసా, రంగుల అట్ట పంపాడు. తొట్టి నీళ్లు కొంచెం వేరే సీసాలో పట్టి మందు చుక్కలు వేసి, వచ్చిన రంగును అట్టతో పోల్చాలి; నీళ్లు బాగుంటే పసుపు రంగు వస్తుంది. యల్లప్ప వేసి చూసి మళ్లీ ఫోన్ చేశాడు.

"పచ్చగా వచ్చిందబ్బా. మామిడాకు మాదిరి."

"అమోనియా అన్నా అది. చేపల మలం, మిగిలిన మేత కుళ్లితే వస్తాది. మొప్పలు కాలిపోతాయి. ఫిల్టర్ స్పాంజి ఏమన్నా కడిగినారా?"

ఫోన్లో గొంతు గౌరికి కూడా గట్టిగానే వినిపిస్తోంది. యల్లప్ప గౌరి వైపు చూశాడు.

"సర్ఫేసి కడిగినా," అంది గౌరి. "జిగట పట్టిండె. కడగద్దా ఏంది?"

"వదినా, ఆ జిగటే దానికి మందు! ఆ జిగటలోని పురుగులే అమోనియాను తినేది. వాటిని సర్ఫేసి చంపితివే."

"చేపల్ని కొంటే పురుగుల్ని కూడా సాకల్లని ఎవురు చెప్పినారు?"

సాల్మన్ తన తొట్లోని జిగట పట్టిన పాత స్పాంజి పంపాడు. దినమూ పావువంతు నీళ్లు తీసి, ముందురోజు పట్టి పెట్టిన నీళ్లు పోయమన్నాడు. గాలి మోటారు ఆపొద్దన్నాడు. నాలుగు దినాలు మేత వద్దన్నాడు. గౌరి మేత డబ్బాను పట్టునూలు బీరువాలో పెట్టి తాళం వేసింది.

నాలుగు దినాలు యల్లప్ప మగ్గం ఆపి మరీ నీళ్లు మార్చాడు. సీసాలో పచ్చదనం తగ్గలేదు, ఇంకా ముదిరింది. మూడో చేప పోయింది.

"ఈ తొట్టి తీసి టీవీ పెడతామా అమ్మా?" అని అడిగాడు.

"వద్దురా," అంది హనుమక్క వెంటనే. "అవి లేకుంటే నాకు ముద్ద దిగదు."

ఆదివారం సాల్మన్ పొడుగు గొట్టం, తెల్ల బకెట్ పట్టుకుని హిందూపురం నుంచి రైల్లో వచ్చాడు. గౌరి బకెట్ చూసి, "మా ఇంట్లో బకెట్లు లేవనుకున్నావా?" అంది.

"ఏమప్పా, నువ్వు డాక్టరువా?" అని హనుమక్క అడిగింది.

"చేపల డాక్టర్నవ్వా."

"ఆ గొట్టం ఎవురికి?"

"నీక్కాదులే, భయపడొద్దు."

"అయితే సరే," అంది. మళ్లీ, "అడుగున కెలకద్దప్పా. బెదురుతాయి," అంది.

సాల్మన్ తొట్టి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"మేత ఆపినారా అన్నా?"

"బీరువాలో ఉండాది. తాళం చెవి గౌరి కాడ."

"మరి వీటి కడుపులు చూడు, పెండ్లిలో తిన్నట్లు ఉండాయి." గొట్టం కొన నీళ్లలో ముంచాడు. "అడుగున ఏదో కుళ్లుతాండాది. చూస్తాం ఉండు."

తొట్టిలో మంచం వైపు మూలలో ప్లాస్టిక్ మొక్క ఉంది. గొట్టాన్ని దాని కింద రంగురాళ్లలోకి దించాడు. బకెట్లోకి ముందు మురికి నీళ్లు వచ్చాయి. తర్వాత ఎర్రగా, చిక్కగా, ముద్దలు ముద్దలుగా జారింది. కంపు కొట్టింది. గౌరి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. బకెట్ సగం నిండింది.

"ఇది చేపల మలం కాదన్నా," అన్నాడు సాల్మన్. "మేత కూడా కాదు."

యల్లప్ప వంగి రెండు వేళ్లతో కొంచెం తీసి నలిపాడు. రాగిపిండి. మధ్యలో ఉడికిన కందిబేడ ఒకటి వేలికి తగిలింది.

హనుమక్క గోడవైపు తిరిగి పడుకుంది.

పన్నెండు రోజులుగా ఆమె తిన్నదంతా బకెట్లో ఉంది.