ఐదింటిదాకా గడువు

ఇరవై మూడో టేక్ కూడా పోయింది.

షారన్ హెడ్‌ఫోన్స్ తీసి స్టాండుకి తగిలించింది. గొంతు ఎండిపోయింది. ఓపిక అంతకన్నా ముందే అయిపోయింది.

"మళ్లీ అదే లైను," అన్నాడు అద్దం అవతల నుంచి సుశీల్ కుమార్. విసుక్కోవడానికి కూడా శక్తి లేదు ఆయనకి.

సుశీల్ ట్యూను, పెంచలప్రసాద్ మాట. ఈ ఇద్దరూ చెయ్యేస్తే పాట ఆడి తీరుతుందని పేరు. వరసగా రెండు ఆల్బమ్‌లు బోర్లాపడ్డ షారన్ వాళ్ల డేట్ల కోసం ఏడాది తిరిగింది. మైపాడు బీచ్ దగ్గర ఇల్లు అద్దెకు తీసుకుని మైకులు పెట్టారు. ఎనిమిది పాటలయ్యాయి. ఆల్బమ్‌కి ప్రాణమనుకున్న తొమ్మిదోది మూడు రోజులుగా మొండికేసింది.

"షారన్, ఏమనుకోబాక," అన్నాడు పెంచలప్రసాద్. "ఐదింటిదాకా చూద్దాం. కుదరకపోతే ట్రాక్ పాడినామె చేతే పాడించి, ఆమె పేరే వేస్తాం. రమ్మని కబురు కూడా పంపినాం."

అసలు గాయని విని నేర్చుకోవడానికి ముందుగా ఇంకెవరో పాడి పెట్టేదే ట్రాక్. పాట బయటికొచ్చేసరికి ఆ గొంతు తీసేస్తారు. మూడు రోజులుగా షారన్ చెవుల్లో ఉన్నది ఆ గొంతే. ఆ పొడుగు లైనుని తెగకుండా, అలవోకగా పాడేసింది మహాతల్లి. ఇరవై ఏళ్లు కూడా ఉండవు కాబోలు, కుర్రతనం, దమ్ముంటుంది అని షారన్ కుళ్లుకుంది.

వరండాలోకొచ్చి కూలబడింది.

ఓ మూల యాభై దాటిన ఆమెవరో ఒళ్లో సంచీ పెట్టుకుని కూర్చుంది. వంటచేసే పేరమ్మ ఇవాళ తన బదులు పంపిన మనిషి అనుకుంది షారన్.

"వేణ్ణీళ్లు తెస్తావా?"

ఆమె ఒక్క క్షణం చూసి, లేచి వంటింట్లోకి వెళ్లింది. చిటికెడు ఉప్పు వేసి మరీ తెచ్చింది.

"ఆ రొయ్యల గుంటల్లో ఫ్యాన్ల రొద చంపేస్తోంది. పోయి ఆపమను."

"ఆపేస్తే రొయ్యలకి గాలి అందదమ్మా. పది నిమిషాలంటే ఆపుతారేమో, అడిగొస్తా."

ఎండలో గట్టెంబడి పోయి, చెమటలు కక్కుతూ తిరిగొచ్చింది. రొద ఆగింది. ఒక మంచి మాట అనే ఓపిక షారన్‌కి లేకపోయింది.

"నీ పాట బయటికి వినపడతా ఉంది," అంది ఆమె మెల్లగా. "ఆ పొడుగు లైను ముందర ఊపిరి పీల్చబాక. దానికి ముందు లైను సగంలో, దొంగతనంగా కొంచెం పీల్చు. ఎవురికీ తెలవదు."

షారన్‌కి ఒళ్లు మండింది.

"పాట గురించి నీకేం తెలుసు? పోయి వంట చూసుకో."

"సరేమ్మా," అంది ఆమె. "ఒక్కసారి చేసి చూడు."

నాలుగున్నరకి షారన్ మళ్లీ మైకు ముందు నిలబడింది. ఇక చెయ్యగలిగింది ఏమీ లేక, ఆమె చెప్పిన చోటే ఊపిరి పీల్చింది.

లైను చివరిదాకా తెగకుండా వచ్చేసింది. ఇంకా దమ్ము మిగిలింది.

సుశీల్ కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. "అయిపోయింది. ఇంక ఇది నీ పాటే."

షారన్‌కి ఏడుపొచ్చింది. కాస్త తేరుకున్నాక, పాట చేజారిన ఆ పిల్ల గుర్తొచ్చింది. గెలిచాక జాలిపడడం తేలికే.

"అన్నా, ఆ ట్రాక్ అమ్మాయిని రావద్దని చెప్పండి, పాపం."

"అమ్మాయేంది? మన ప్రేమలీలక్క," అన్నాడు పెంచలప్రసాద్. "రెండింటికే వచ్చినాది. నీ టేక్ అయ్యిందాకా బయటే ఉండి విని, ఇంక నాతో పన్లేదులే అని ఇప్పుడే నెల్లూరు బస్సెక్కింది. ఇరవై ఏళ్లుగా అందరికీ ట్రాకులే. ఒక్క పాటకన్నా పేరు పళ్లా. ఇయ్యాళైనా పడతాదని ఆశగా వచ్చినాది."

"అయ్యో, నేను చూడనే లేదే."

"చూడకపోవడమేంది?" అన్నాడు పెంచలప్రసాద్. "ఊపిరి యాడ పీల్చాల్నో వరండాలో నీకు చెప్తా ఉంటే కిటికీలోంచి నేనే చూసినా, ఆమే గదా."